కదలని వరుస

ఒక పనికి ఎన్ని పేర్లు పెట్టొచ్చో తెలుసుకోవాలంటే నిదానం ల్యాబ్‌లో ఒక్కరోజు ఉద్యోగం చేస్తే చాలు. అక్కడ ఏది చెడిపోయినా ట్రాకర్ అనే కంప్యూటర్ చిట్టాలో టికెట్, అంటే ఒక ఫిర్యాదు, తెరుస్తారు. ప్రతి టికెట్‌కీ ఒక స్థితి ఉంటుంది. "కొత్తది"తో మొదలై "చూశాం", "చూశాం కానీ అర్థం కాలేదు", "నిజమే", "నిజమే కానీ ఇప్పుడు కాదు", "పక్కన పెట్టాం", "పక్కన పెట్టింది మళ్లీ తీశాం" అంటూ సాగి సాగి చివరికి "అయిపోయింది" దాకా వస్తుంది. దాని తర్వాత కూడా "నిజంగానే అయిపోయింది" అని ఇంకోటి. రెండో అంతస్తులో కుళాయి కారుతోందని ఎవరో తెరిచిన టికెట్ ఈ మెట్లన్నీ ఎక్కి దిగేలోపు ఆ కుళాయి తుప్పుపట్టి ఊడిపోయింది.

ఈ చెత్తంతా ఊడ్చేయాలని కౌముది ఎంతోకాలంగా మొత్తుకుంటోంది. ట్రాకర్ బాధ్యత ఆమెదే. స్థితులు పెంచమని వచ్చే ప్రతివాడితోనూ పోట్లాడేది, చివరికి వాళ్ల పోరు పడలేక పెంచేది. అందుకే కొత్తగా వచ్చిన డైరెక్టర్ నిరంజన్ తన గదికి పిలిచి, "కౌముది గారూ, మనకు మూడు చాలు. చేయాలి, జరుగుతోంది, అయిపోయింది. ఇంకేం వద్దు" అన్నప్పుడు ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"వచ్చే సోమవారానికి మార్చేద్దాం" అన్నాడాయన. "ఇంకో మాట. ఏడాదిగా ఎవరూ ముట్టుకోని టికెట్లు వేలల్లో ఉన్నాయి. వాటినేం చూస్తూ కూర్చుంటాం? అన్నీ అయిపోయిందిలోకి తోసేద్దాం."

కౌముది సరేనని తలూపబోయి ఆగిపోయింది. ఏడాది కాదు, ఎనిమిదేళ్లకు పైగా ఎవరూ ముట్టుకోని టికెట్ ఒకటుంది. దాన్ని తెరిచినవాడు ఫణి. ఆమె భర్త.

*

విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో, సముద్రం కనిపించే కొండ మీద ఉంటుంది ల్యాబ్. దాని కింది అంతస్తులో ఉన్న గది పేరే నిదానం. ఆ గదిలో కాలం నెమ్మదిగా నడుస్తుంది. ఒకరి ఒంట్లోంచి తీసిన గుండెని ఇంకొకరికి పెట్టాలంటే గంటల్లో పెట్టాలి. ఆ గంటల్ని నెలలుగా సాగదీయాలని ఆరుగురు కలిసి కట్టుకున్న గది అది. ఆరుగురిలో కట్టే పని ఫణిది, పరీక్షించి తప్పులు పట్టేది కౌముది. తప్పులు పడుతూనే ప్రేమలో పడ్డారు, పెళ్లి చేసుకున్నారు.

రోజూ ఆఫీసుకు రాగానే కౌముది ముందు కిందికే వెళుతుంది. గది గోడకు మందపాటి అద్దం ఉంది. అద్దంలోంచి మామూలు కళ్లకు ఏమీ కనిపించదు, వట్టి చీకటి. లోపలి వెలుతురు అంత మెల్లగా, అంత పలచగా బయటికొస్తుంది. కెమెరా ఒకటి ఆ వెలుతురును రోజంతా కొంచెం కొంచెంగా పోగుచేసి, మర్నాటికి ఒక్క ఫొటో తయారుచేస్తుంది. ఆ ఫొటోలో ఫణి ఉంటాడు. బల్ల ముందు కూర్చుని, చేతిలో స్క్రూడ్రైవర్, మోచేతి దాకా మడిచిన నీలం చొక్కా చేతులు. బయట ఏడాది గడిస్తే అతనికి ఒక్క క్షణం గడుస్తుంది.

అతను లోపలికి వెళ్లిన రోజు గదిలో కాలం రెండింతలు నెమ్మదించడమే, అంతకంటే ఏమీ లేదు. రోజూ వెళ్లేవాడు. లోపల ఒక తెర ఉంది. బయట ట్రాకర్‌లో ఉన్న టికెట్ల పేర్లు, వాటి స్థితులు ఆ తెర మీద వరుసగా కనిపిస్తాయి. లోపలివాళ్లతో మాట్లాడ్డానికి వాళ్లకున్న దారి అదొక్కటే. ఆ ఆరుగురి పద్ధతి ఇదీ. లోపలివాడి టికెట్ "అయిపోయింది" అని మారితే, మోకాలి పక్కనున్న మీటను కిందికి నొక్కాలి, గది ఇంకాస్త నెమ్మదిస్తుంది, తర్వాతి పరీక్ష మొదలవుతుంది. "సమాచారం కావాలి" అని మారితే మీటను పైకెత్తాలి, కాలం మెల్లగా మామూలుకొస్తుంది, అప్పుడు బయటికొచ్చి మాట్లాడాలి. స్థితిని బయటివాళ్లు మార్చొచ్చు గానీ, టికెట్ పేరు మార్చే హక్కు తెరిచినవాడిదే, అతను సరేనంటే తప్ప దాన్ని మూయకూడదు. ఆఖరి మాట అతనిదే ఉండాలని ఫణి పట్టుబట్టి పెట్టిన నియమం అది.

ఫణికి పనిలో పడితే ఆకలి తెలియదు. మధ్యాహ్నం రెండైనా బయటికి రాడు. విసుగొచ్చి ఒకరోజు కౌముది "సమాచారం కావాలి" అన్న మాటను తీసేసి "ఎదురుచూస్తున్నాం" అని పెట్టింది. భోజనం వేళకు అతని టికెట్లలో ఏదో ఒకటి పట్టుకుని ఆ స్థితికి మార్చేది. అతను ఎడమవైపు పెదవి ఒక్కటే పైకి లేచేలా దొంగనవ్వు నవ్వుతూ బయటికొచ్చేవాడు. "ఏం సమాచారం కావాలి మేడమ్‌కి?" అనేవాడు. "అన్నం చల్లారిపోతోందన్న సమాచారం" అనేది.

లోపల చిక్కుకుపోయిన రోజు పొద్దున, అక్కణ్నుంచే ఫణి తెరిచిన టికెట్ పేరు: లోపలి తెర మీద అక్షరాలు అదురుతున్నాయి. భోజనం వేళయింది. డబ్బాలో చింతచిగురు పప్పు. కౌముది ఆ టికెట్‌ను "ఎదురుచూస్తున్నాం"లో పెట్టింది. అతను తలెత్తి తెర చూసేలోపే గది పట్టుతప్పింది. రెండింతలు కాస్తా వేలింతలై, కోట్లింతలై, అక్కడ ఆగింది.

బయటినుంచి కరెంటు తీసేయకూడదు. తీసేస్తే లోపలి కాలం బయటి కాలాన్ని ఒక్క ఉదుటున అందుకోవాలి. ఒకసారి ఎలుకతో అలా చేసి చూశారు. ఆ తర్వాత దాని మాటెత్తినవాళ్లు లేరు. తలుపు తెరిచినా అంతే. మీట ఎత్తాల్సింది లోపలున్న ఫణే. గది పట్టుతప్పిందని అతనికి తెలియదు. ఎత్తమని చెప్పడానికి టికెట్లు తప్ప వేరే దారి లేదు. మొదటి ఏడాది కొత్త టికెట్లు తెరిచి, దొరికిన స్థితినల్లా మార్చి మార్చి చూశారు. ఏదీ అందలేదు. చివరికి ఆశ వదులుకుని, మొదట ఏది ఉందో ఆ "ఎదురుచూస్తున్నాం"లోనే పెట్టి వదిలేశారు. మిగతా నలుగురూ ఒక్కొక్కరే వేరే ఉద్యోగాలకు వెళ్లిపోయారు. ల్యాబ్ చేతులు మారింది, పెరిగింది, ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ అమ్ముకుని బతుకుతోంది. కౌముది మాత్రం ఉండిపోయింది. ఎక్కడికి పోతుంది?

*

"ఇయ్యాల ఏటి కదిలేడే మావోడు?"

కౌముది చెప్పులు విప్పకముందే ఈ ప్రశ్న వస్తుంది. అడిగేది ఆమె అత్తగారు నూకరత్నమ్మ. అనకాపల్లిలో ఇల్లు అద్దెకిచ్చి కోడలి దగ్గరికొచ్చి ఉంటోంది. కొడుకు ఫొటో ఫోన్‌లో చూపించమంటుంది, కళ్లద్దాలు పైకి కిందికి జరుపుకుంటూ చూస్తుంది, ఏమీ మారలేదని పెదవి విరుస్తుంది.

"తల ఇంకాస్త తిప్పాడు అత్తయ్యా. అద్దం వైపు తిరుగుతున్నాడు. రోజూ నేను నిలబడేది అక్కడే కదా."

"నిన్నే సూత్తన్నాడన్నమాట."

"నన్నే."

ఐదారేళ్లుగా కౌముది ఈ ఒక్క మాట మీద బతుకుతోంది. ఫణి తల బల్ల మీంచి లేచి, ఏడాదికి ఇంత చొప్పున, అద్దం వైపు తిరుగుతోంది. వెళ్లినప్పుడు ఇద్దరిదీ ఒకే వయసు. ఇప్పుడు ఆమె జుట్టు నెరిసింది, అతనిది నెరవలేదు. అతను బయటికొచ్చేసరికి తను ఎలా ఉంటుందోనని అద్దం ముందు నిలబడ్డ ప్రతిసారీ భయం వేస్తుంది. అయినా రావాలి. గుర్తుపట్టకపోయినా ఫరవాలేదు, రావాలి. పక్కన కూర్చుని పప్పన్నం కలుపుకునే చప్పుడు ఒక్కసారి వినాలి. ఇంత చిన్న కోరికకు ఇంత పెద్ద ఎదురుచూపేమిటని ఒక్కోసారి ఒళ్లు మండిపోతుంది.

"బీపీ మాత్ర వేసుకున్నారా?"

"ఎయ్యలేదు. ఎవులికోసం ఎయ్యాల? ఆడు తల తిప్పడానికే ఇన్నేళ్లు పట్టింది. లేసి నడిసొచ్చేసరికి నానుంటానేటి?"

మాత్రల డబ్బా ఎప్పటిలాగే ఫ్రిజ్ మీద నిండుగా ఉంది. బతిమాలితే వారానికి ఒకటి వేసుకుంటుంది. కౌముది ఆ రోజు బతిమాలలేకపోయింది. సోమవారం గురించి అత్తగారికి ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. టికెట్ "అయిపోయింది"లోకి పోతే, లోపల తలెత్తిన ఫణి దాన్ని చూస్తాడు. చూసి, అలవాటు ప్రకారం మీటను కిందికి నొక్కుతాడు. ఆ తర్వాత అతనికి ఒక్క క్షణం గడవాలంటే బయట ఎన్ని తరాలు గడవాలో లెక్కవేసే ధైర్యం ఎవరికీ లేదు.

*

అది మూలనపడ్డ టికెట్ కాదని, లోపలి మనిషి నిజంగా కదులుతున్నాడని నిరంజన్‌కి చూపించాలి. అందుకోసం కౌముది ఇన్నాళ్లూ చేయని పని చేసింది. రోజువారీ ఫొటోలన్నీ కలిపి సినిమాగా కట్టింది. ఇదివరకు ఎందుకు చేయలేదంటే, తన ఇన్నేళ్లూ కలిపి అతని పది క్షణాల్లోపే అని కళ్లారా చూసే ఓపిక లేక.

తెర మీద ఫణి బతికొచ్చాడు. స్క్రూ బిగించాడు. ఒక్క ఊపిరి తీశాడు. తలెత్తాడు. అద్దం వైపు తిరిగాడు. కానీ అతని చూపు అద్దం మీద ఆగలేదు. అలా దాటుకుంటూ పోయి, పక్క గోడకున్న తెర మీదికి చేరి, అక్కడ నిలవబోతూ ఉండగా ఫొటోలు అయిపోయాయి.

ఆమె దాన్ని మళ్లీ మళ్లీ వేసింది. ఎన్నిసార్లు వేసినా అంతే. తనను చూడలేదు. ఎలా చూస్తాడు? రోజూ కాసేపు అద్దం ముందు నిలబడే మనిషి అతనికి నీడగా కూడా కనిపించదు. ఇన్నేళ్ల పొద్దుటి పూటలన్నీ కలిపినా అతని కంటికి నలుసంత కాదు. కౌముది బల్ల మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తనకోసం తనే ఏడ్చుకుంది.

ఏడుపు తగ్గాక మొహం కడుక్కొచ్చి మళ్లీ చూసింది. ఈసారి భార్యగా కాదు, తప్పులు పట్టే మనిషిగా. అతను ఏం చూస్తున్నాడు? ఫొటోల్లో ఆ తెర ఓ మూలగా పడుతుంది. దాన్ని పెద్దది చేసింది. తెర నిండా బూడిదరంగు మసక. బయట రోజుకు వందలసార్లు మారే టికెట్లు ఒకదాని మీద ఒకటి పడి చెరిగిపోయిన మసక. దాని మధ్యలో ఒక్క వరుస మాత్రం అద్దినట్టు స్పష్టంగా ఉంది.

లోపలి తెర మీద అక్షరాలు అదురుతున్నాయి. ఎదురుచూస్తున్నాం.

అప్పుడర్థమైంది ఆమెకు. అతనికి రాయాల్సిన మాటలన్నీ మార్చి మార్చి రాశారు, అందుకే ఏదీ చేరలేదు. విసిగిపోయి వదిలేసిన మాట ఒక్కటీ ఇన్నేళ్లు కదలకుండా ఉంది గనక చేరింది. అది తన మాటే. అన్నానికి రమ్మని పిలిచిన మాట. ఫణి ఇప్పుడిప్పుడే దాన్ని చదవబోతున్నాడు.

*

నిరంజన్ ఆ సినిమాను రెండోసారి కూడా వేయించుకుని చూశాడు. ఆయనకూ పెళ్లాం పిల్లలున్నారు.

"అయిపోయిందిలోకి వద్దులెండి" అన్నాడు చివరికి. "దీన్ని జరుగుతోందిలో పెట్టేద్దాం. ప్రమాదం లేదుగా?"

"ఉందండీ. మాట మారితే ఆ వరుస కూడా అదురుతుంది. ఆయనకది మిగతా మసకలో కలిసిపోతుంది. మసక తేరినా, జరుగుతోంది అన్న మాటకు మీట ముట్టుకోనక్కర్లేదు. మళ్లీ తల దించి స్క్రూ బిగించుకుంటాడు. తిరిగి తలెత్తేసరికి మేమెవరం ఉండం."

"ఒక్క టికెట్ కోసం నాలుగో స్థితి ఉంచమంటారా? ఇవాళ దీనికి సరేనంటే రేపు ప్రతివాడూ తన టికెట్ పట్టుకుని నా తలుపు దగ్గర నిలబడతాడు. మళ్లీ మొదటికే వస్తాం. మీకు నాకంటే బాగా తెలుసు."

ఆమెకు తెలుసు. అది నిజం కూడా.

"మూడే ఉంచుదామండీ" అంది. "చేయాలి. అయిపోయింది. మధ్యలోది మాత్రం జరుగుతోంది కాదు, ఎదురుచూస్తున్నాం. ఆ వరుసను తీసుకెళ్లి దేంట్లోనో కలపొద్దు. మిగతావన్నీ వచ్చి దాన్లో కలుస్తాయి."

"అంటే కాఫీ మెషిన్ పాడైన టికెట్ కూడా ఎదురుచూస్తున్నాం అనే ఉంటుందా?"

"కాఫీ కోసం మీరు ఎదురుచూడరా?"

నిరంజన్‌కి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "జనం నన్ను పిచ్చివాణ్ననుకుంటారు."

"నన్ను చాలా కాలంగా అనుకుంటున్నారండీ. ఏమీ కాదు."

సోమవారం పొద్దున కౌముది ఆ పని తన చేత్తోనే చేసింది. "చూశాం" వెళ్లి దాన్లో కలిసింది, "నిజమే" కలిసింది, "పక్కన పెట్టాం" కలిసింది, ఇన్నాళ్లూ తను తిట్టుకున్నవన్నీ ఒక్కొక్కటే వచ్చి కలిశాయి. ఫణి వరుస మాత్రం రెప్పపాటు కూడా కదల్లేదు.

ఆఫీసంతా వారం రోజులు నవ్వుకున్నారు. లిఫ్టు ఆగిపోయింది, ఎదురుచూస్తున్నాం. జీతం స్లిప్పులో పేరు తప్పు పడింది, ఎదురుచూస్తున్నాం. క్యాంటీన్‌లో దోసె ఆలస్యమైతే కుర్రాళ్లు ఆ మాట పాడుకునేవాళ్లు. తర్వాత అలవాటైపోయింది, ఎవరికీ వింతగా అనిపించలేదు.

కొన్ని నెలలు పోయాక ఒక పొద్దున ఆమె ఆనాటి ఫొటోలో తెర ఉన్న మూలను పెద్దది చేసి చూసి, కుర్చీలో చేరగిలబడిపోయింది. మసక తేలిపోతోంది. టికెట్ల పేర్లు అలాగే చెరిగిపోయి ఉన్నాయి. వాటి పక్కన స్థితులుండే చోట మాత్రం అక్షరాలు ఊపిరి పోసుకుంటున్నాయి. ఏ టికెట్ వచ్చినా, ఏది పోయినా, ఎక్కువకాలం ఉండేది ఆ మధ్య స్థితిలోనే కదా. వేలమంది పనులు ఒకదాని మీద ఒకటి పడి, అన్నీ ఒకే మాటై, పైనుంచి కిందిదాకా తెరంతా నిండిపోయింది. ఎదురుచూస్తున్నాం, ఎదురుచూస్తున్నాం, ఎదురుచూస్తున్నాం.

అక్షరాలు అదరడం మానేశాయి. ఇన్నేళ్లుగా తెరిచి ఉన్న ఫణి టికెట్ ఇవాళ్టికి తీరిపోయినట్టే. కౌముది వేలు "అయిపోయింది" మీదికి పోబోయి ఆగింది. తెరిచినవాడే మూయాలి. వచ్చి మూస్తాడు.

*

ఆ తర్వాతి ఏడాదిలో ఫణి ఎడమవైపు పెదవి పైకి లేవడం మొదలుపెట్టింది. మొదట నీడేమో అనుకుంది. పండగలు వచ్చి పోయాయి, ఒక వానాకాలం గడిచింది, పెదవి ఇంకాస్త లేచింది. దొంగనవ్వు. అన్నానికి పిలిస్తే నవ్వే నవ్వు. కౌముది రోజూ ఆ ఫొటో ముందు కూర్చుని తనూ నవ్వేది, ఎవరైనా వస్తే కళ్లు తుడుచుకునేది.

నవ్వు సగంలో ఉండగా కుడిచేయి స్క్రూడ్రైవర్‌ను వదిలేసింది. బల్ల అంచు దాటి మోకాలి వైపు దిగింది. అక్కణ్నుంచి కౌముదికి నిద్ర పట్టలేదు. మీట వైపే వెళుతోంది చేయి. కానీ ఎత్తుతాడా, నొక్కుతాడా? చదివి నవ్వాడా, లేక మరేదైనా గుర్తొచ్చి నవ్వాడా? నెలల తరబడి చేయి మీట మీద నీడలా ఉంది తప్ప ఎటు పోతోందో తెలియలేదు. అద్దం ముందు నిలబడి, అతనికి కనిపించనని తెలిసి కూడా, "ఎత్తు ఫణీ, పైకెత్తు" అని గొణిగేది.

ఒక శుక్రవారం ఫొటో వచ్చింది. పెద్దది చేసి చూసింది. బొటనవేలు మీట పక్కకు జరిగింది. మిగతా నాలుగు వేళ్లూ మీట కిందికి దూరాయి.

ఆ రోజు ఆమె సెలవు కూడా పెట్టకుండా ఇంటికి వెళ్లిపోయింది. నూకరత్నమ్మ సోఫాలో కూర్చుని చింతచిగురు ఏరుతోంది. మొహం వాచినట్టుంది, కాళ్లు కూడా. డాక్టర్ ముందే హెచ్చరించాడు.

"ఏటే, ఇంత ఏగిరం వొచ్చీసేవు? ఇయ్యాల ఏటి కదిలేడు మావోడు?"

కౌముది పక్కన కూర్చుని ఫోన్ ఆమె చేతికిచ్చింది. "వేళ్లు చూడండి అత్తయ్యా. కిందనుంచి పట్టుకున్నాడు. నొక్కడానికైతే పైన పెడతారు. ఎత్తుతున్నాడు. వచ్చేస్తున్నాడు."

ముసలావిడ కళ్లద్దాలు పైకి జరుపుకుంది, కిందికి జరుపుకుంది. వేలితో తెర మీద కొడుకు వేళ్లు తడిమింది.

"నవ్వతన్నాడు సూడు" అంది. "ఆకలేసినప్పుడు ఇలాగే నవ్వీవోడు. ఎన్నాళ్లు పడతాదే?"

"మీట పూర్తిగా ఎత్తడానికి ఏడాది. ఇంకాస్త ఎక్కువ పట్టొచ్చు."

నూకరత్నమ్మ వేళ్లు మడుస్తూ లెక్క చూసుకుంది. ఆ లెక్క ఆమెకు నచ్చినట్టే ఉంది. ఒళ్లో చింతచిగురు పళ్లెం పక్కన పెట్టి, ఫ్రిజ్ వైపు చూసింది.

"ఆ మాత్తర్లు ఇలాగియ్యి" అంది.